ఎండిన బోరు వంతు

సువార్తకు బస్సు పడదు. ఈ ఒక్క ముక్క తెలియకపోతే ఆమె సంగతి ఏదీ అర్థం కాదు, కాబట్టి ముందే చెప్పేసుకోవడం మంచిది.

బస్సు పడనివాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. నిమ్మకాయ వాసన చూస్తూనో, కిటికీ పక్క సీటు కోసం కొట్లాడో ఎలాగోలా దిగాల్సిన చోట దిగుతారు. సువార్త అలా కాదు. డ్రైవరు ఇంజను స్టార్టు చేస్తే చాలు, ఆమెకు కడుపులో తిప్పడం మొదలయ్యేది. ఎర్రబండపల్లి నుంచి మడకశిరకు పదమూడు కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే రెండుసార్లు బస్సు ఆపాల్సి వచ్చేది. కండక్టర్లు ఆమెను దూరం నుంచే గుర్తుపట్టి, "వద్దు తల్లీ, నీకు దండం పెడ్తా" అంటూ విజిలేసేవాళ్లు.

అందుకే వాళ్ల నాయన జాకబ్ ఆమెకు పాత సైకిలు ఒకటి కొనిచ్చాడు. ఇంటరుకు మడకశిర దాకా సైకిలే. టైపు నేర్చుకోవడానికీ సైకిలే. డిగ్రీ ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా కట్టింది. అక్కడిదాకా బాగానే ఉంది. సైకిలు మీద పోగలిగినంత దూరంలో ఉద్యోగాలు మాత్రం లేవు. టీచరు ఉద్యోగాల పరీక్షకు అనంతపురం పోయింది. దారి పొడుగునా వాంతులై, పరీక్ష హాల్లో బల్లమీద తల పెట్టుకుని, ప్రశ్నపత్రం సగం కూడా చూడకుండా తిరిగొచ్చింది. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో లెక్కలు రాసే పని దొరికితే మూడు రోజులు పోయి, నాలుగో రోజు పడకేసింది. చివరికి ఒక పెళ్లి సంబంధం కూడా బస్సు దగ్గరే తెగింది. పిల్లవాడిది తుమకూరు. "పాపకు ప్రయాణాలు పడవంటనే, పండగకు పబ్బానికి ఎట్ల పోయొస్తారు?" అని వాళ్లమ్మ మొహమాటం లేకుండా అడిగేసింది.

అలా ముప్పై ఏళ్లు వచ్చాయి. ఊళ్లో ఆమెకు పని లేదా అంటే బోలెడు పని. కాలనీలో ఎవరికి పింఛను ఆగినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడినా అర్జీ రాసేది సువార్తే. ఎవరింటికి ఉత్తరం వచ్చినా చదివేది ఆమే. సరిహద్దు ఊరు కాబట్టి సగం ఉత్తరాలు కన్నడంలో వచ్చేవి. కర్ణాటక వైపు నుంచి వచ్చే పాస్టరు దగ్గర ఒక కన్నడ పాటల పుస్తకం ఉండేది. దాన్ని చూసే ఆమె ఆ లిపి నేర్చుకుంది. ఆ ఉత్తరాలు రాసేవాళ్లు కూడా ఏం మనుషులో! ఒకడు గీత మీద రాయడు, ఇంకొకడు మాటకీ మాటకీ మధ్య సందు వదలడు. అవన్నీ చదివీ చదివీ సువార్తకు ఎంత పాడు రాతైనా చూడగానే అర్థమయ్యే అలవాటు వచ్చింది. ఆ అలవాటు ఎవరైనా జీతమిచ్చి పెట్టుకునే పని అని ఆమె కలలో కూడా అనుకోలేదు.

మడకశిరలో రాఘవేంద్ర అనే కుర్రవాడు నెట్ సెంటర్ పెట్టాడు. అర్జీలు టైపు చేయించుకోవడానికి అక్కడికి పోయిన సువార్త, పనిలో పనిగా ఇంటి దగ్గర చేసుకునే ఉద్యోగాల కోసం వెతకడం మొదలుపెట్టింది. మొదట కనబడినవన్నీ ముందు డబ్బు కట్టమన్నవే.

"దుడ్లు మనల్నే అడిగితే అది ఉద్యోగం కాదక్కా, అంగడి" అన్నాడు రాఘవేంద్ర.

ఆమె ఒక్కదానికీ పైసా కట్టలేదు. వారానికి ఒకసారి, గంటకు ఇంత అని ఇచ్చి, రెండేళ్లు వెతికింది. విసుగన్నదే లేదు. ఇరవై ఆరు కిలోమీటర్లు రానూ పోనూ తొక్కి, గంటసేపు తెర చూసి, ఖాళీ చేతులతో ఇల్లు చేరేది.

రెండువేల ఎనిమిది జూన్‌లో ఒక ప్రకటన కనబడింది. బెంగళూరులో ఏదో చిన్న కంపెనీ. ఇన్సూరెన్సు కోసం జనం చేత్తో నింపిన ఫారాలను చూసి, ఇంగ్లీషులో టైపు చేసిపెట్టాలి. పని ఇంటినుంచే. డబ్బు కట్టమని లేదు, సర్టిఫికెట్లు పంపమని లేదు. మూడు ఫారాల బొమ్మలు పెట్టి, వీటిలో ఏముందో రాసి పంపండి, అంతే. రెండు తెలుగువి, ఒకటి కన్నడం. రాఘవేంద్ర తొంగిచూసి, "ఇది రాత కాదక్కా, కోడి గెలికిన చోటు" అన్నాడు. సువార్త మూడూ చదివి, పావుగంటలో టైపు చేసి పంపేసింది.

మరుసటి వారం సువార్త అక్కడ ఉండగానే నెట్ సెంటర్‌కు ఫోన్ వచ్చింది. అటువైపు నందిని అనే ఆవిడ. కన్నడంలో మాట్లాడింది. మూడు ఫారాలూ సరిగా చదివింది మీరొక్కరే అంది. అయితే అసలు పరీక్ష ఇంకా ఉంది. పని ఇంటినుంచి కాబట్టి పరీక్షా ఇంటినుంచే, మీ సొంత కంప్యూటర్, మీ సొంత లైను. ఊళ్లలోని ఆఫీసులు మధ్యాహ్నం ఒంటిగంటకు కాగితాలు పంపుతాయి. రెండుకు మీ తెరమీదకు వస్తాయి. అయిదుకల్లా మాకు చేరాలి. ఆ మూడు గంటల్లో మూడు నిమిషాలకు మించి లైను తెగితే పరీక్ష పోయినట్టే. రెండు అవకాశాలు ఇస్తాం.

ఆ మాట విన్నప్పటినుంచి సువార్త ఆ ఉద్యోగం తప్ప ఇంకోటి ఆలోచించలేదు. మూతపడిన కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌లో పాత మిషను ఒకటి అమ్మకానికి ఉంటే, తల్లి మారెమ్మ చెవి కమ్మలు అమ్మి కొన్నారు. ట్రాక్టరులో బొంత పరిచి, దానిమీద ఆ డబ్బాను కూర్చోబెట్టి, జాకబ్ రెండు చేతులా పట్టుకుని ఊరికి తెచ్చాడు. ఇంటర్నెట్టు కోసం, గోడకు యాంటెన్నా కొట్టుకునే ఫోను కూడా వచ్చింది. దాని సిగ్నలు ఇంట్లో అందకపోతే వెదురు గడ కట్టి మిద్దెమీదికి ఎత్తారు.

మొదటి పరీక్ష మొదటి ఫారం దగ్గరే ఆగిపోయింది. రెండు కొట్టగానే ఇంట్లో బల్బు ఎర్రబడింది. తెరమీద అక్షరాలు కుంచించుకుపోయి, కంప్యూటర్ ఆరిపోయి, మళ్లీ తనంతట తానే వెలిగి, మళ్లీ ఆరింది. సువార్త తల పట్టుకుని కూర్చుంది. ఏడ్చింది కూడా. కానీ కళ్లు తుడుచుకున్నాక ఆమెకు ఒక అనుమానం వచ్చింది. బల్బు సరిగ్గా రెండుకే ఎందుకు ఎర్రబడాలి?

మర్నాడు గమనించింది. ఆ మర్నాడూ గమనించింది. ఉదయం పదినుంచి రెండుదాకా బల్బు తెల్లగానే వెలిగేది. రెండు కొట్టగానే ఎర్రబడేది. అయిదుకు మళ్లీ మామూలే.

ఎర్రబండపల్లి ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది. దానికింద ఇళ్లూ, తొమ్మిది బోరు మోటార్లూ ఉన్నాయి. మోటార్లకు కరెంటు పగలు పదినుంచి అయిదుదాకే. అన్నీ ఒకేసారి వేస్తే అది కాలిపోతుంది. కాలితే బాగుచేయించి తెచ్చేసరికి రెండు వారాలు, ఆలోపు పంటలన్నీ ఎండిపోతాయి. ఈ దెబ్బ రెండుమూడుసార్లు తిన్నాక రైతులు వంతులు పెట్టుకున్నారు. పదినుంచి రెండు వరకు నలుగురు, రెండునుంచి అయిదు వరకు అయిదుగురు. ఆ వంతుల పెద్ద తిప్పయ్య. ఆయన కాదంటే అక్కడ ఎవరూ స్టార్టరు బటను కూడా నొక్కరు.

రెండునుంచి అయిదు వంతుల్లో ఒకటి జాకబ్‌ది. ప్రభుత్వమిచ్చిన రెండెకరాల్లో ఆయనకు ఒక బోరు ఉండేది. రెండువేల నాలుగులో అది ఎండిపోయింది. పక్క చేను బయ్యన్నది. ఆయనకు అప్పటికే పదిగంటల వంతులో ఒక మోటారు ఉంది. జాకబ్ బోరు ఎండగానే ఆయన ఇంకో బోరు వేసుకుని, దాన్ని జాకబ్ వంతులో తిప్పుకోవడం మొదలుపెట్టాడు. ఎవరినీ అడగలేదు. జాకబ్ కూడా వద్దనలేదు. నీళ్లు లేనివాడు కరెంటు కోసం ఏమని పోట్లాడతాడు?

నాలుగు మోటార్లయితే బల్బు నిలబడుతుందని, అయిదోది తిరిగితేనే చచ్చిపోతుందని సువార్తకు లెక్క తేలిపోయింది. ఆ అయిదోది తన నాయన వంతు. రెండో పరీక్షకు ఇంకా పదిరోజులుంది.

"ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోయి అడుగుదాం నాయనా" అంది.

జాకబ్ జంకాడు. "కంప్యూటర్‌కు వంతడిగితే నవ్వుతారు పాపా."

"నవ్వనీ. బస్సులో నన్ను చూసి నవ్వినోళ్లకంటే ఎక్కువ నవ్వుతారా ఏంది?"

ఆదివారం సాయంత్రం మోటార్ల కరెంటు పోయాక తొమ్మిది మోటార్లవాళ్లూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కలిసేవాళ్లు. ఆ వారం జాకబ్ వెంట సువార్త కూడా వచ్చింది. ఆడవాళ్లెవరూ రాని చోటు అది. ఉన్న విషయం ఉన్నట్టు చెప్పింది. రెండునుంచి అయిదుదాకా మా నాయన వంతులో ఎవరూ మోటారు వేయొద్దు, నాకు పరీక్ష ఉంది, ప్యాసైతే రోజూ ఆ టైములోనే పని.

జాకబ్ అనుకున్నట్టే నవ్వారు. బయ్యన్న మాత్రం నవ్వలేదు.

"ఏందప్పా ఇది! నీళ్లు ల్యాని బోరుకు వంతేంది? నాలుగేండ్ల నుంచి ఆ టైములో నా మోటారు తిరుగుతాండాది. ఈపొద్దు వచ్చి వంతంటే ఎట్ల?"

"నువ్వు తిప్పుకుంటాండావన్నా, కాదనలా. మా నాయన ఇచ్చినాడా అని అడుగుతాండా" అంది సువార్త.

తిప్పయ్య జాకబ్ వైపు తిరిగాడు. "ఏం జాకబూ, బయ్యన్నకు నీ వంతు ఇచ్చినావా?"

"ల్యా మామా. ఆయప్ప అడగలా, నేను ఇయ్యలా."

"మరి పోయినేడు ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు హిందూపురానికి బండిలో ఎవరెవరు పోతిరి?"

ఆ బండిలో జాకబ్ పోయాడని అందరికీ తెలుసు. ఒక్కసారి కాదు, ప్రతిసారీ పోయాడు. బోరు ఎండినా ఫ్యూజు పోతే కర్ర పట్టుకొచ్చేవాడు, స్తంభం ఒరిగితే భుజం పెట్టేవాడు. ఎందుకురా నీకీ చాకిరీ అని మారెమ్మ తిడితే, "మల్లా నీళ్లు పడితే మొహం యాడ పెట్టుకోని అడగాల" అనేవాడు.

తిప్పయ్య చెప్పదలుచుకున్నది చెప్పేశాడు. "వంతు బోరుది కాదప్పా, మనిషిది. ఆ మనిషి మనతో చెయ్యి వేస్తాండాడు గాబట్టి వంతుండాది. దాంతో మోటారు తిప్పుకుంటాడో, మిషను తిప్పుకుంటాడో, వాని ఇష్టం. కానీ ఒగటి ఇను జాకబూ. మనిషికి ఒగటే వంతు. రేపు నీకు నీళ్లు పడితే ఆ వంతులోనే తిప్పుకోవాల. ఇంగోటి అడిగేకి ల్యా."

"సరే మామా. అదే నా బిడ్డ వాడుకుంటాది" అన్నాడు జాకబ్.

బయ్యన్న గొంతు తగ్గింది. "నా చెనిక్కాయ ఊడలు దిగుతాండాది తిప్పన్నా. ఇప్పుడు తడి ల్యాకపోతే ఒట్టి తీగలు మిగుల్తాయి."

అది అబద్ధం కాదు. ఆ ఏడు ఆషాఢం గడిచినా వాన జాడ లేదు. సువార్తకు ఆ మాట వినగానే మనసులో కలుక్కుమంది. అయినా నోరు విప్పలేదు. విప్పితే సరేలే అన్నా అనేస్తానని భయపడింది.

"కానీండప్పా, కంప్యూటర్‌కు పారిచ్చుకోండి నీళ్లు" అని బయ్యన్న తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు.

రెండో పరీక్ష రోజు రెండు కొట్టింది. నాలుగు మోటార్లు మొదలయ్యాయి. బల్బు కాస్త తగ్గింది గానీ ఎర్రబడలేదు. బయ్యన్న మాట తప్పే మనిషి కాదు, ఆయన స్టార్టరు మూగగానే ఉండిపోయింది. సువార్త వంచిన తల ఎత్తకుండా అరవై ఫారాలు పూర్తిచేసింది. వారం తిరిగేసరికి నందిని ఫోన్ చేసి, ఒకటో తారీకునుంచి పనిలోకి రమ్మంది. "రమ్మంది" అనే మాట తలుచుకుని సువార్త ఆ రోజంతా నవ్వుకుంటూనే ఉంది. ఎక్కడికి రావాలి? మంచం దగ్గరనుంచి బల్ల దగ్గరికి నాలుగడుగులు.

ఊరు ముక్కున వేలేసుకుంది. ఇంట్లో కూర్చున్నదానికి జీతమెవరిస్తారని కొందరు, ఇదేదో మోసమని కొందరు. మొదటి నెల జీతం బ్యాంకులో పడ్డాక ఆ మాటలు ఆగాయి. ఆ డబ్బుతో తల్లికి కమ్మలు కొనిచ్చింది. బయ్యన్న చేలో వేరుశనగ వేసిన ఎకరం నిజంగానే ఒట్టి తీగల పాలైంది. పశువులకు మేతగా కోసేశాడు. ఆ తర్వాత దారిలో ఎదురైతే జాకబ్‌ను పలకరించడం మానేశాడు.

సువార్తకు ఆ పని ఎందుకంత నచ్చిందో చెప్పడం కష్టం. ఒక్కో ఫారం ఒక్కో ఇల్లు. కణేకల్‌లో వరి పండించే ఒకాయన తన వయసు ముప్పై ఎనిమిది అని రాసి, పెద్ద కొడుకు వయసు ఇరవై తొమ్మిది అని రాశాడు. తనకల్లులో ఒకావిడ నామినీ పేరు దగ్గర భర్త పేరు రాసి, గట్టిగా కొట్టేసి, చెల్లెలి పేరు పెట్టింది. బళ్లారి, చిత్రదుర్గం, గుత్తి, కోలారు, ఆమె జన్మలో బస్సెక్కి చూడలేని ఊళ్ల మనుషులు రోజూ రెండుకు ఆమె గదిలోకి వచ్చేవాళ్లు. వాళ్లు ఎంత గజిబిజిగా రాసినా ఆమెకు తెలిసిపోయేది. ఎవరికీ అంతుబట్టని కాగితాలను ఆఫీసులో "సువార్తకు పంపండి" అని పక్కన పెడుతున్నారని నందిని ఒకసారి చెప్పింది. ఆ రోజు ఆమె అన్నం కూడా సరిగా తినలేదు, అంత సంతోషపడింది. ఇవేవీ ఇంట్లో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. తండ్రికి కనబడేది ఒక్కటే, ఎండాకాలం వేడి గదిలో తలుపేసుకుని, మెడ వంచి, కళ్లు చికిలించి కూర్చున్న కూతురు.

రెండువేల తొమ్మిది వేసవికి ఆమె దగ్గర కాస్త డబ్బు పోగైంది. ఇన్వర్టర్ కొనుక్కోవాలని ఆమె ఆలోచన. వోల్టేజి పెంచే స్టెబిలైజర్ ఒకటి అప్పటికే కొని చూసింది. అది టకటకమని కొట్టుకుని ఆరిపోవడమే తప్ప ఎందుకూ పనికి రాలేదు. ఇన్వర్టర్ ఉంటే ఏ వంతుతోనూ పని లేదు. ఆ మాట తండ్రికి చెబుదామనుకున్న రోజే ఆయన ఆమె దగ్గరకొచ్చి గడప మీద కూర్చున్నాడు.

"పాపా, ఇంగొక బోరు ఏయిద్దామా?"

ఇన్వర్టరుకు దాచిన డబ్బు ఇక బోరుకే పోతుందని సువార్తకు అర్థమైంది.

"నీళ్లు పడితే నువ్వు ఇంగ ఆ డబ్బా ముందర కూర్చునే పన్ల్యా. చేను చూసుకుందాం. నీ కండ్లు జూడు, ఎట్ల లోపలికి పోయినాయో. నిన్ను జూస్తే నాకు బాధైతాది."

అంత ప్రేమగా అడిగినవాడికి ఏం చెప్పాలి? వంతు ఆయనది. నలుగురిలో నవ్వులపాలై ఇప్పించిందీ ఆయనే. నీళ్లు పడితే ఆ వంతు మోటారుకు పోతుంది, తన పని ఆ రోజుతో సరి. అది ఆయనకూ తెలుసు. తెలిసే, బిడ్డను గట్టెక్కిస్తున్నానని అనుకుంటున్నాడు. సువార్త "నీ ఇష్టం నాయనా" అంది. ఆ మాట అన్నందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

పాస్టరుకు తెలియకుండా జాకబ్ నీళ్ల పాయింటు చూసేవాణ్ణి ఒకణ్ణి పిలిపించాడు. అతను అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి ఒకచోట రాయి పాతాడు. పాస్టరును కూడా పిలిచి అదే రాయి దగ్గర ప్రార్థన చేయించాడు. రెండువైపులా గట్టిచేసుకున్నాక బోరుబండి వచ్చింది. ఉదయం ఏడుకు వస్తామని పదికి వచ్చింది.

నాలుగువందల అడుగులు మాట్లాడుకున్నారు. నూరు దాటింది, రెండొందలు దాటింది. బూడిదరంగు పొడి ఎగజిమ్ముతూనే ఉంది. చేను, మనుషులు, చుట్టుపక్కల తుమ్మచెట్లు అంతా తెల్లబడిపోయాయి. మోత దెబ్బకు ఎవరు ఏమంటున్నారో వినబడదు. జాకబ్ గట్టుమీద తలకు తువ్వాలు చుట్టుకుని, మొహం కప్పుకుని కూర్చున్నాడు. బయ్యన్న కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. బోరుబండి వచ్చిందంటే పగవాడైనా వచ్చి చూడకుండా ఉండలేడు.

సువార్త రంధ్రం దగ్గరే నిలబడింది. మూడొందల యాభై అన్నప్పుడు ఆమెకు ఒక సంగతి తెలిసొచ్చింది. ఆమె లోపల ప్రార్థన చేస్తోంది. నీళ్లు పడొద్దని. ఇంతటి కరువు నేలమీద పుట్టి, పాతికేళ్లు బిందెలు మోసి, నీళ్లు పడొద్దని దేవుణ్ణి అడిగే మనిషి ఇంకొకరు ఉంటారా అనుకుంది. ఛీ అనుకుంది. అనుకుంటూనే మళ్లీ అడిగింది.

నాలుగువందలు పూర్తయ్యాయి. మిషను ఆపి డ్రిల్లరు కిందికి దిగాడు. సేలం వైపు మనిషి, తెలుగు అంతంతమాత్రం. చివర్లో పైకొచ్చిన పొడిని పిడికెడు తీసి నలిపి, సువార్త చేతిలో పోశాడు.

"చూడమ్మా. కొంచెం వేరే ఉండాది. యాభై అడుగు పోతే తెలుస్తాది. రావచ్చు, రాకపోవచ్చు. పోలామా?"

ఆమె గుప్పిట మూసింది. తెరిచి చూసింది. పొద్దుననుంచి గాలికి ఎగిరిపోతున్న పొడి ఇప్పుడు ముద్దగా నిలబడింది. వేళ్లకు చల్లగా తగిలింది.

జాకబ్ మొహం మీది తువ్వాలు తీసి, గట్టుమీదనుంచే కేకేశాడు. "ఏమంటాడు పాపా? ఇంగా పోదామా? దుడ్లు నీవి, నువ్వెట్ల చెప్తే అట్ల."

ఒంటిగంట నలభై అయింది. సువార్త చేతిలోది కింద పారేసి, కాలితో రాసేసింది.

"చాలు నాయనా. వట్టి పొడే."

"సరే, నువ్వు చెప్తే సరే" అన్నాడు జాకబ్. తర్వాత లేచి డ్రిల్లరుకు మంచినీళ్లిచ్చాడు. సువార్త సైకిలెక్కి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, రెండుకు బల్ల ముందు కూర్చుంది. ఆ రోజు మొదటి ఫారం చదవడానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది. అది చక్కటి గుండ్రటి రాత.

పొద్దుగూకేవేళకు జాకబ్ ఊరంతా చుట్టి వచ్చాడు. కనబడినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాడు, నా బిడ్డ తెలివైంది, సరైన టయానికి ఆపింది, లేకపోతే ఇంకో నూరడుగుల దుడ్లు మట్టిపాలయ్యేవి అని. తినడానికి కూర్చున్నప్పుడూ అదే మొదలుపెట్టాడు.

"తిప్పయ్య మామ గూడా మెచ్చుకున్యాడు పాపా. మగోళ్లయితే ఆశకు పోయి..."

"తడి తగిలింది నాయనా" అంది సువార్త.

జాకబ్ సంగటి ముద్ద ముంచబోయి ఆగాడు.

"పొడి ముద్దయింది. ఇంగ యాభై పోతే పడొచ్చన్యాడు. నేనే అబద్ధం చెప్పినా."

"ఎందుకు?"

"నీళ్లు పడితే వంతు పోతాది. వంతు పోతే నా పని పోతాది."

మారెమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. జాకబ్ కూతురిని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు.

"నీకు కష్టమైతాండాదని గదమ్మా నేను బోరేయిస్తి."

"కష్టం యాడిది నాయనా! నాకు ఆ పనంటే ఇష్టం. పొద్దున లేస్తూనే రెండు ఎప్పుడైతాదా అని చూస్తా ఉంటా." అంతే, ఇక ఆగలేక ఏడ్చేసింది. "నీ నీళ్లు నేనే పూడ్చినా నాయనా. ఏమన్నా అను. కొట్టు."

జాకబ్ తినడం మానేసి గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆయన కోపం ఆయన ఊపిరిలో తెలుస్తూనే ఉంది. అయిదేళ్లు ఎండిన బోరు చుట్టూ తిరిగిన మనిషి. చివరికి నోరు తెరిచాడు.

"ఈ మాట నిన్న చెప్పింటే బోరుబండికి పెట్టిన దుడ్లన్నా మిగిలుండె గదమ్మా."

ఆ తర్వాత పులుసు ఇంకొంచెం వేయమని మారెమ్మ ముందుకు పళ్లెం జరిపాడు.